లార్క్ అనే మాట

ఆంగ్ల నిఘంటువులలో 'లార్క్' అనే మాటకు రెండు ఆరోపాలు వేరువేరుగా కనిపిస్తాయి. మొదటిది ఒక పిట్ట పేరు. మట్టివన్నె ఈకలతో పొలాలలో తిరుగుతూ, పాడవలసి వచ్చినప్పుడు ఆకాశంలోకి ఎగసిపోయే చిన్న పక్షి అది. రెండవది అల్లరి, చిలిపి పని, ఏ ప్రయోజనమూ ఆశించని సరదా. మొదటి అర్థం వయస్సు వెయ్యేండ్లకు పైబడినది. రెండవది రెండు వందల ఏండ్లు దాటి ఎంతోకాలం కాలేదు. నిఘంటుకర్తలు వీటిని విడదీసి చూపినప్పటికీ ఆ భాష మాట్లాడేవారు విడదీసి వినరు. సరదా అనే అర్థంలో ఆ మాట పలికినప్పుడు కూడా దాని వెనుక ఎక్కడో రెక్కల చప్పుడు ఉంటుంది. భారతీయ భాషలలోకి మాత్రం ఈ రెండూ రెండు దారుల వచ్చాయి. పిట్ట కవిత్వంతో వచ్చింది, సరదా నవలలతో వచ్చింది. అవి దారిలో ఎక్కడా కలుసుకోలేదు. అందువలన కలిగిన నష్టం చిన్నది కాదు.

పిట్ట వంశచరిత్రను త్వరగా ముగించవచ్చు. స్కాట్లండు వారి 'లావెరాక్', జర్మనుల 'లెర్ఖె', ఆంగ్లేయుల 'లార్క్' ఒక్క చెట్టు కొమ్మలే. లాటిను భాషలోని 'అలౌడా' వేరొక వంశానిది. రోమనులు దానిని గాల్ దేశీయుల నుండి తీసుకున్నారు. జూలియస్ సీజరు గాల్ దేశంలో సమకూర్చుకొన్న ఒక సేనకు ఆ పిట్ట పేరే ఉండేది. ఫ్రెంచివారి 'అలువెత్' అందులోనుంచి పుట్టినదే.

పేరుకన్న పిట్ట నడత ముఖ్యం. ఇది నేలమీద బ్రతికే పక్షి. గూడు గడ్డిదుబ్బు ప్రక్కన ఒక చిన్న గుంటలో ఉంటుంది, పశువు కాలు పడితే అంతే. కాని పాట మాత్రం ఆకాశంలోనే. రెక్కలు వడివడిగా ఆడిస్తూ ఇంచుమించు నిట్టనిలువుగా లేచి, చూసేవారి కంటికి చుక్కంత అయ్యేదాకా పోయి, అక్కడ నిలిచి నిమిషాల తరబడి పాడుతుంది. తరువాత దిగివస్తూ, నేల దగ్గరపడగానే పాట ఆపి రాయిలా జారుతుంది. ఇంత ఎత్తు, ఇంత నేల ఒక్క ప్రాణిలో కలిసి ఉండడమే కవులను ఆకర్షించింది.

ఇది కేవలం ఆంగ్లదేశపు పక్షి అనుకోవడం పొరపాటు. దీని దగ్గరి చుట్టం, శాస్త్రజ్ఞులు 'అలౌడా గుల్గులా' అని పిలిచేది, భారతదేశంలో చాలా ప్రాంతాలలో చెరువుల అంచులలోను, గడ్డిబీళ్ళలోను, కోతలయిన పొలాలలోను కనిపిస్తుంది. మెట్టభూములలో తలపై చిన్న జుట్టుగల మరొక జాతి ఉంది. సైక్స్ అనే సైనికాధికారి దానిని 1832లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అయితే దేశంలో పక్షి ఉన్నా, సాహిత్యంలో దానికి స్థిరమైన పేరు లేకపోయింది. అమరకోశం 'వ్యాఘ్రాట', 'భరద్వాజ' అనే రెండు పేర్లు చెబుతుంది. సంస్కృత నిఘంటువులు భరద్వాజ శబ్దానికి లార్క్ అని అర్థం వ్రాస్తే, మహారాష్ట్రులు అదే మాటతో ఎర్రని రెక్కల జెముడుకాకిని పిలుస్తారు. తెలుగువాడు ఆ మాట విన్న వెంటనే తలచుకొనేది ఋషినీ గోత్రాన్నీ. షెల్లీ గీతానికి ఆ పేరు తగిలిస్తే ఋషిస్తుతి అనుకొని భక్తితో చదివేవారు కూడా ఉండవచ్చు.

జనం నోట ఉన్న పేర్లు ఇంతకన్న తెలివైనవి. పందొమ్మిదవ శతాబ్దంలో జెర్డన్ మొదలైన పక్షిశాస్త్రజ్ఞులు పల్లెవారిని అడిగి సేకరించిన తెలుగు పేర్లలో ఈ కుటుంబపు పిట్టలకు 'బురుత పిట్ట', 'నేలపిచ్చిక' అనేవి ఉన్నాయి. తమిళులూ మలయాళులూ దీనిని 'వానంబాడి' అంటారు, అంటే ఆకాశంలో పాడేది. తెలుగువాడు పిట్ట కాళ్ళు చూసి పేరు పెట్టాడు, తమిళుడు దాని కంఠం విని పెట్టాడు. రెండూ నిజమే, రెండూ సగమే. ఈ రెండు పేర్లలో తమిళ నామమే సాహిత్యానికి ఎక్కువగా ఉపకరించింది. 1971లో కోయంబత్తూరు కేంద్రంగా వచన కవితా పత్రికగా మొదలై ఒక ఉద్యమమే అయిన 'వానంబాడి' ఆ పిట్ట పేరే పెట్టుకొన్నది. నేలపిచ్చికకు అటువంటి అదృష్టం పట్టలేదు. నేటి పాఠకుడు ఆ పేరు వింటే ఇంటి చూరులోని పిచ్చికనే తలచుకొంటాడు.

ఇంత చెప్పడానికి కారణం షెల్లీ. ఇటలీలో లివోర్నో సమీపాన 1820 వేసవిలో ఒక సాయంకాలం విన్న పాట నుండి అతడు వ్రాసిన స్కైలార్క్ గీతం భారతీయ విద్యార్థులకు తరతరాల పాఠమయింది. ఆ గీతాన్ని తెచ్చుకోవలసి వచ్చినప్పుడు అనువాదకుని చేతికి సులువుగా అందేవి రెండు పక్షులు: కోకిల, చాతకం. రెండూ కావ్యగౌరవం గలవి, రెండూ పాఠకునికి పరిచితమైనవి. రెండూ ఇక్కడ తప్పే.

చాతకాన్ని తీసుకొంటే, అది పైకి చూసి అడిగే పక్షి. మేఘం దయతలచి విడిచిన చినుకు కోసం నోరు తెరచి ఉండడమే దాని కావ్యధర్మం. షెల్లీ పక్షి దేనినీ అడగదు. అది తానే మేఘమై పాటను వానలా క్రిందికి కురిపిస్తుంది. యాచకుణ్ణి తెచ్చి దాత పీటమీద కూర్చోబెడితే పద్యం నడక ఎంత బాగున్నా భావం తలక్రిందులవుతుంది. కోకిల విషయం మరీ చిత్రమైనది. కోకిల చెట్టుకు, వసంతానికి, విరహానికి సంబంధించినది, ఆకులలో దాగి పాడుతుంది. నిట్టనిలువుగా ఎగసి పాడే పక్షికి కొమ్మ చాటున కూర్చొన్న పక్షిని బదులుగా ఇస్తే ఆ గీతంలోని కదలిక అంతా ఆగిపోతుంది.

వర్డ్స్‌వర్త్ దగ్గర ఈ తప్పు ఇంకా బయటపడుతుంది. అతడు ఈ పక్షిమీద రెండు గీతాలు వ్రాశాడు. మొదటిది 1807లో వెలువడింది, 1825లో వ్రాసిన రెండవది 1827లో. ఆ రెండవ గీతంలోని భావమంతా గూడు చుట్టూ తిరుగుతుంది. ఆకాశంలో ఎంత దూరం పోయినా పక్షి మనస్సు నేలమీది గూటిని విడువదనీ, పైనున్న వెలుగుకూ క్రిందనున్న ఇంటికీ ఒకేసారి నమ్మకంగా ఉంటుందనీ అతని ప్రశంస. ఇక్కడ కోకిలను నిలిపితే ఏమవుతుంది? కోకిలకు గూడే లేదు. గ్రుడ్లను కాకి గూటిలో పెట్టి పోయే పక్షి కనుకనే దానికి పరభృతమని పేరు. గృహస్థధర్మానికి మెచ్చుకొన్న పక్షికి బదులు బిడ్డలను పరాయి ఇంట వదిలే పక్షిని తెచ్చిన అనువాదకుడు, తెలిసో తెలియకో, వర్డ్స్‌వర్త్‌ను వెక్కిరించినవాడవుతాడు.

షెల్లీ పక్షి వానంబాడి, వర్డ్స్‌వర్త్ పక్షి నేలపిచ్చిక అని చెప్పవచ్చు. ఈ ఇద్దరి తరువాత వచ్చిన టామస్ హార్డీ ఒక అడుగు ముందుకు పోయాడు. షెల్లీ విన్న ఆ పిట్ట ఏమయిందని అతడు ఒక గీతంలో విచారించాడు. అది ఎప్పుడో, ఏ పొలంలోనో చచ్చి, గుప్పెడు ఈకలూ ఎముకలూ మట్టిలో కలిసి ఉంటుంది కదా, ఆ చిటికెడు మట్టిని వెతికి తెమ్మని అడిగాడు. అది ఎగతాళి కాదు. షెల్లీ శరీరం లేని ఆత్మగా చేసి పంపిన పిట్టకు శరీరాన్ని తిరిగి ఇవ్వడమే హార్డీ చేసిన పని. మూడు గీతాలనూ వరుసగా తెలుగు చేయబూనినవానికి ఒకే పక్షి పేరు కావాలి. కోకిలతో ఆ వరుస సాగదు.

తెలుగు భావకవిత్వానికీ, హిందీ ఛాయావాదానికీ ఆంగ్ల కాల్పనిక కవులతో ఉన్న సంబంధం అందరికీ తెలిసినదే. 1925 నాటి 'కృష్ణపక్షం'లోని స్వేచ్ఛాకాంక్షను షెల్లీతో పోల్చని విమర్శకుడు అరుదు. సుమిత్రానందన్ పంత్ 'ప్రథమ రశ్మి'లో ప్రాతఃకాలపు పిట్టను ప్రశ్నిస్తాడు. ఆ పిట్ట వట్టి విహంగమే, జాతి పేరు లేదు. ఇది లోపం కాదు. పంత్‌కు కావలసినది రహస్యం, పక్షిశాస్త్రం కాదు. అయినా ఒక మాట ఒప్పుకోక తప్పదు. షెల్లీ నుండి భారతీయ కవులకు పిట్ట రెక్కలు వచ్చాయి గాని కాళ్ళు రాలేదు.

హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు కథ ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. ఆమె బాలికగా 1895లో ఇంగ్లండు వెళ్ళింది. అక్కడ విమర్శకుడు ఎడ్మండ్ గాస్‌కు తన పద్యాలు చూపింది. 1912లో ఆమె 'ది బర్డ్ ఆఫ్ టైమ్' సంపుటికి పీఠిక వ్రాస్తూ గాస్ ఆ ముచ్చట చెప్పాడు. ఆ పద్యాలు ఛందస్సులో నిర్దుష్టమేగాని భావంలోనూ రంగంలోనూ పూర్తిగా ఆంగ్లేయమని అతనికి తోచింది. ఇంగ్లండు నడిబొడ్డులోని పల్లెలను, అక్కడి రాబిన్లనూ స్కైలార్కులనూ, చర్చి గంటలనూ విడిచిపెట్టి, దక్కను కొండలనూ పూలనూ పండ్లనూ, అక్కడి మనుష్యులనూ వర్ణించమని అతడు సలహా ఇచ్చాడు. ఆమె ఆ సలహా పాటించింది. దానివలన ఆమె కవిత్వానికి మేలే జరిగిందని సాధారణంగా అంటారు.

ఆ సలహాలో సగమే సరి. అనుకరణ మానమనడం సబబైన మాట. చర్చి గంటలూ రాబిన్లూ దక్కనువి కావు. కాని స్కైలార్క్‌ను ఆ మూటలోనే కట్టివేయడం తొందరపాటు. అది దక్కనులో లేని పక్షి కాదు. హైదరాబాదు చుట్టూ ఉన్న మెట్టలలోను, చెరువు గట్ల వెంట గడ్డినేలలలోను ఆ కుటుంబపు పిట్టలు ఎగసి పాడుతూనే ఉన్నాయి. గాస్‌కు స్కైలార్క్ అనేది పిట్ట కాదు, ఒక సాహిత్య ముద్ర. ఆంగ్ల కవిత్వం దానిని తన పేర వ్రాసుకొన్నది కనుక మరెవరి పొలంలోనూ అది ఉండదని అతడు అనుకొన్నాడు. ఆ యువతికి చెప్పవలసినది స్కైలార్క్‌ను విడిచిపెట్టమని కాదు, తన ఊరి స్కైలార్క్‌ను వినమని. అలా జరగలేదు. ఆమె భారతీయ గీతాలలోకి కోయిల వచ్చింది. అనువాదకులు చేసే మార్పునే ఆమె స్వతంత్ర రచనలో చేయవలసి వచ్చిందన్నమాట.

ఇది పిట్ట సంగతి. ఇక సరదా.

వర్డ్స్‌వర్త్ మొదటి గీతానికీ షెల్లీ గీతానికీ నడిమి సంవత్సరాలలోనే లార్క్ అనే మాటకు ఈ రెండవ అర్థం అచ్చులో కనిపించడం మొదలయింది. 'స్కైలార్క్' అనే మాటను అల్లరి చేయడమనే అర్థంలో క్రియగా వాడిన దాఖలా 1809 నాటిది. 'లార్క్' ఒక్కటే ఆ అర్థంలో మరి రెండు మూడేండ్ల తరువాత కనబడుతుంది. ఆ అల్లరివారు నావికులు. నావికుల పరిభాషకు నిఘంటువు కూర్చిన స్మిత్ అనే నౌకాధికారి (ఆ గ్రంథం 1867లో వెలువడింది) ఆ మాటను ఇలా వివరించాడు: పూర్వం నావికులు వినోదానికి స్తంభాల కొసలకు ఎక్కి, అక్కడి నుండి మోకులు పట్టుకొని జారి దిగేవారు, దానికే స్కైలార్కింగ్ అని పేరు. ఎక్కడం, కొసన నిలవడం, సర్రున జారడం. పిట్ట చేసే పనికి ఇంతకన్న మంచి అభినయం ఉండదు. కవులు ఆ పిట్టను ఆత్మగా చేసి ఆకాశానికి పంపుతున్న రోజులలోనే, కవిత్వం చదవని నావికులు దానిని ఓడ స్తంభం మీదికి ఎక్కించి ఆడుకొన్నారు. ఈ రెండింటిలో ఏది పిట్టను బాగా చూసిందో చెప్పడం కష్టం.

భాషాశాస్త్రజ్ఞులు ఇంత తేలికగా ఒప్పుకోరు. ఉత్తర ఇంగ్లండు మాండలికాలలో ఆడుకోవడానికి 'లేక్' అనే క్రియ ఉంది. అది ప్రాచీన నార్సు భాషలోని 'లైక' నుండి వచ్చింది. ఉత్తరాదివారి ఉచ్చారణను దక్షిణాదివారు తప్పుగా విని రేఫం చేర్చి లార్క్ చేశారని కొందరి ఊహ. అలా అయితే పిట్టకూ అల్లరికీ చుట్టరికమే లేదు, పేర్లు కలిసిన పొరుగువారు మాత్రమే. ఏది నిజమో తేల్చే ఆధారం ఇంతవరకు దొరకలేదు. (శబ్దసామ్యం చూసి 'లైక'ను సంస్కృతపు 'లీల'తో ముడిపెట్టే ఉత్సాహవంతులు కొంచెం ఆగడం మంచిది.) విమర్శకునికి మాత్రం ఈ వివాదం ముగియనక్కరలేదు. మూలాలు వేరైనా, రెండు వందల ఏండ్లుగా ఒకే శబ్దంలో కాపురం చేస్తున్న అర్థాలు ఒకదాని వాసన మరొకదానికి అంటించుకోక మానవు. తెలుగులో 'కిలకిల' అనే మాటను చూడవచ్చు. పక్షుల కూతకూ అదే, పిల్లల నవ్వుకూ అదే. ఏది ముందు పుట్టిందని ఎవరూ అడగరు. హిందీలో 'చహక్‌నా' అనే క్రియ పిట్టకూ, సంతోషం పట్టలేక మాట్లాడేవానికీ సమానంగా చెల్లుతుంది. పక్షికీ ఉల్లాసానికీ గల స్నేహం ఈ భాషలకు క్రొత్త కాదు. అది ధ్వనులలో ఉంది, పక్షి పేరులో లేదు, అంతే తేడా.

హిందీలో పక్షి పేరులో కూడా ఒకచోట ఉంది, కాని రుచి వేరు. జుట్టుగల లార్క్‌ను హిందీవారు 'చండూల్' అంటారు. మధురంగా పాడుతుందని పంజరాలలో పెంచేవారు. అయితే బజారు భాషలో 'పురానా చండూల్' అంటే వికారపు మనిషి, లేదా తెలివిమాలినవాడు. ఒకే కుటుంబపు పిట్ట ఒక భాషలో అల్లరికి పేరయింది, మరొక భాషలో మందబుద్ధికి. స్వేచ్ఛగా ఎగిరే పిట్టను చూసినవారికి ఒకటి తోచింది, పంజరంలో చూసినవారికి మరొకటి తోచింది కాబోలు.

ఈ రెండవ అర్థం సాహిత్యంలో అన్నిటికన్న లోతుగా దిగినది డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో. 1860-61లో వెలువడిన ఈ నవలలో జో గార్జరీ అనే కమ్మరి ఉన్నాడు. చదువు లేదు, బలం ఉంది, భార్య చేతి దెబ్బలకు ఎదురు చెప్పడు. తల్లిదండ్రులు లేని పిప్ ఆ భార్యకు తమ్ముడు, అతనికీ అదే శిక్ష. కొలిమి ప్రక్కన కూర్చొన్న ఈ ఇద్దరి మధ్య ఉన్న స్నేహానికి జో పెట్టుకొన్న పేరు 'లార్క్స్'. ఆ మాట గట్టిగా వినబడే ఘట్టాలు మూడు. పిప్‌ను కొలిమిలో పని నేర్చుకొనే వానిగా ఒప్పందం చేసుకొనే వేళ, మిస్ హావిషామ్ గదిలో బెదిరిపోయిన జో ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకూ పిప్ వైపు తిరిగి జవాబిస్తూ, తామిద్దరూ ఈ రోజు కోసం ఎదురుచూసినది లార్క్స్ కోసమేనని చెబుతాడు. కొన్నేండ్ల తరువాత పిప్ లండనులో పెద్దమనిషి అయినాక, జో చూడటానికి వస్తున్నాడని ఊరి నుండి బిడ్డీ ఉత్తరం వ్రాస్తుంది. ఉత్తరం ముగించాక, జో ప్రత్యేకంగా వ్రాయమన్నాడంటూ ఆ ఒక్క మాటనే క్రింద చేర్చి, అది పిప్‌కు అర్థమవుతుందని అతని నమ్మకంగా తెలుపుతుంది. పిప్‌కు అర్థమవుతుంది, అందుకే సిగ్గుపడతాడు. డబ్బిచ్చి అతని రాకను తప్పించగలిగితే ఇచ్చి ఉండేవాడు. చివరిసారి, అప్పులపాలై జ్వరంతో పడి ఉన్న పిప్‌కు జో సపర్యలు చేస్తూ, లేచి తిరగగలిగే రోజు వచ్చినప్పుడు అంటూ మళ్ళీ అదే మాట పలుకుతాడు.

ఈ మూడు చోట్లా మాట ఒకటే. అర్థం ప్రతిసారీ వేరు: మొదట ఆశ, తరువాత తెలియక వేసిన దెబ్బ, చివర క్షమాపణ. క్షమించేవాడు క్షమిస్తున్నానని అనడు, పాత మాట మళ్ళీ అంటాడు. అనువాదకునికి ఉన్న ప్రలోభం ఎక్కడికక్కడ సందర్భానికి ఒదిగే మాటను వాడడం. ఒప్పందం దగ్గర 'వినోదం', ఉత్తరంలో 'తమాషా', జబ్బు మంచం దగ్గర 'సంతోషం'. ఏ వాక్యానికి ఆ వాక్యం సొంపుగానే ఉంటుంది. నవల మాత్రం అక్కడ తెగిపోతుంది. పిప్ ఉత్తరంలో గుర్తుపట్టవలసిన మాటను తెలుగు పాఠకుడు గుర్తుపట్టడు.

కాబట్టి ఒక్క మాటే కావాలి. ఏది? 'అల్లరి' అంటే పెద్దవాళ్ళ కోపం వెంట వస్తుంది. 'తమాషా' చూసేవారి మాట, ఆడేవారిది కాదు. 'వేడుక'కు పెండ్లిపందిరి వాసన ఉంది. 'కేళి', 'విలాసం' కమ్మరి నోట పలకవు. హిందీలో 'మౌజ్' దగ్గరగా వస్తుంది, 'చుహల్' ఇంకా దగ్గరగా వస్తుందిగాని దానిలో పరిహాసం పాలు హెచ్చు. తెలుగులో మిగిలేది 'సరదా'. అరిగిపోయిన మాటే. పిట్ట అందులో లేదు, ఓడ స్తంభం లేదు. కాని చదువురాని కమ్మరి అనగలడు, పసివాడు వినగలడు, ఏండ్లు గడిచాక ఉత్తరం అడుగున ఒంటరిగా వ్రాసినా నిలబడగలదు. అరిగిన మాట కావడమే ఇక్కడ దాని యోగ్యత. జో తన మాటను పిట్ట నుండి తీసుకోలేదు, చుట్టూ ఉన్నవారు వాడగా వాడగా నలిగినదాన్నే తీసుకొన్నాడు. ఆ మాటను మొదటి ఘట్టంలోనే పిప్ చెవిని పడవేసి, తక్కిన రెండు చోట్లా మార్చకుండా ఉంచితే, బిడ్డీ ఉత్తరం అందుకొన్నప్పుడు పిప్ ముఖం ఎందుకు ఎర్రబడిందో పాఠకునికి వేరే చెప్పనక్కరలేదు.